వంతు ఎవరిది?

ఆటలో కొట్లాటలు రెండు రకాలు. మొదటిది గళ్ల మీద, కాయల మధ్య జరిగేది. రెండోది గళ్ల చుట్టూ, ఆడేవాళ్ల మధ్య జరిగేది. మొదటిదానికి గవ్వలో, పాచికలో తీర్పు చెబుతాయి. రెండోదానికి తీర్పు చెప్పేవాడు దొరక్కే చాలా ఆటలు మధ్యలో ఆగిపోతాయి. చిత్రమేమిటంటే ఈ రెండో రకం గొడవ ఎక్కువగా మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ఇప్పుడు వంతు ఎవరిది? ఆ వంతులో ఏమేం చేయొచ్చు? అది ఎప్పుడు అయిపోయినట్టు?

ఈ ప్రశ్నలను అండమాన్‌లో వేసి చూస్తే వాటి లోతు తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం తెలుగుదే. నూటికి 13 మంది మాతృభాష అది. వారిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లిన కుటుంబాలవాళ్లు. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు విశాఖ, చెన్నై, కోల్‌కతాల ఓడలు చేరవేసింది మనుషులనూ సామాన్లనూ మాత్రమే కాదు. కంటికి కనిపించని మూట ఒకటి ప్రతివాడితో పాటు రేవులో దిగింది. ‘మా ఊళ్లో ఇలాగే ఆడతారు’ అన్న నమ్మకం అది.

ఆస్టినాబాద్‌లో వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, ఏదో ఒక వరండాలో సుద్దముక్కతో ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్లు గీశారనుకోండి. శ్రీకాకుళం మూలాలున్న అబ్బాయి, విశాఖ వాళ్లమ్మాయి, ఒక తమిళ కుర్రాడు, ఒక బెంగాలీ పిల్ల చుట్టూ కూర్చున్నారు. మధ్యలో నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఈ రెండిట్లో ఏది పడినా మళ్లీ వేసే హక్కు వస్తుంది. అబ్బాయికి అష్ట పడింది. ఆ ఎనిమిది గళ్లు నడిచి అమ్మాయి కాయను చంపాడు. ‘అష్టకు ఒక పందెం, చంపినందుకు ఇంకో పందెం’ అని గవ్వలు దగ్గరికి లాక్కున్నాడు. ‘ఒక దెబ్బకు రెండు పందేలా? మా ఇంట్లో అలా ఆడం’ అంది అమ్మాయి. ‘అసలు తాయం పడకుండా నీ కాయ బయటికి ఎలా వచ్చింది?’ అని తమిళ కుర్రాడి సందేహం. వాళ్ల తాయంలో ఒకటి పడితే తప్ప కాయ గళ్లలోకి దిగదు. లూడో అలవాటున్న బెంగాలీ పిల్ల ‘వరసగా మూడుసార్లు పెద్ద పందెం పడితే మూడూ చెల్లవు’ అని ముందు జాగ్రత్తగా గుర్తుచేసింది.

నలుగురిలో ఒక్కరూ దొంగాట ఆడటం లేదు. నలుగురూ తమ అమ్మమ్మల దగ్గర నేర్చుకున్నదే చెబుతున్నారు. అందుకే ఈ గొడవ తెగదు. దొంగను పట్టుకోవచ్చు కానీ, నిజాయతీపరులు నలుగురు నాలుగు రూళ్లు చెబితే ఎవరిని పట్టుకోవాలి?

పిల్లల ఆటకు ఇంత చర్చ ఎందుకనేవాళ్లు పులిజూదం ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. తమిళులు ఆడు పులి ఆట్టం అనేది కూడా దీన్నే. 23 స్థానాలున్న పటం మీద మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి అవతలి ఖాళీలో వాలితే మేక పోయినట్టే. మేకలు మీద పడి చంపలేవు, చుట్టుముట్టి పులికి కదలిక లేకుండా కట్టడి చేస్తాయి. ఇక్కడ ఒక చిన్న సందేహం. దూకి వాలిన చోటి నుంచి మరో మేక మీదుగా అదే వంతులో మళ్లీ దూకొచ్చా? కూడదంటే మేకలు ఆడేవాడికి ఒక మేకను ఎరగా వేసి, పులిని లోపలికి లాగి, వెనక దారి మూసే వీలుంటుంది. కుదురుతుందంటే ఆ ఎత్తు మొత్తం పాడవుతుంది. పటం మారలేదు, కాయలు మారలేదు. ఒక వంతులో ఎన్ని దూకుళ్లు అన్న ఒక్క మాటతో గెలుపు ఒక పక్క నుంచి మరో పక్కకు జరిగిపోయింది. వంతుకు అర్థం చెప్పడమంటే సగం ఫలితం చెప్పడమే.

ఈ చిక్కును పుస్తకాలకు పుస్తకాలుగా పెంచిన ఆట ఒకటుంది. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం లేక్ జెనీవా నుంచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. బల్ల చుట్టూ కూర్చుని ఒకరు యోధుడిగా, ఒకరు మాంత్రికురాలిగా, ఒకరు దొంగగా కథలో నడుస్తారు. డంజన్ మాస్టర్ అనే పెద్ద మనిషి కథ చెబుతాడు, రాక్షసులను ఆడిస్తాడు, సందేహం వస్తే తీర్పూ చెబుతాడు. మాటలతో సాగే ఈ ఆట, పోరు మొదలవగానే లెక్కల్లోకి దిగుతుంది. ప్రతివాడూ ఇరవై ముఖాల పాచిక వేసి, తన పాత్ర చురుకుదనానికి ఉన్న అంకె కలుపుతాడు. ఎక్కువ వచ్చినవాడిది ముందు వంతు. దీన్నే ఇనిషియేటివ్ అంటారు.

వంతు వచ్చినవాడు తన వేగం మేరకు కదలొచ్చు. ఒక యాక్షన్ చేయొచ్చు, అంటే కత్తి దూయడమో మంత్రం వేయడమో. ప్రత్యేక శక్తి ఉంటే బోనస్ యాక్షన్ మరొకటి. ఇవిగాక రౌండుకు ఒక రియాక్షన్. దీన్ని ఎదుటివాడి వంతులోనూ వాడొచ్చు. శత్రువు మీ కత్తి అందే దూరం దాటి జారుకుంటుంటే వెనక నుంచి ఒక వేటు వేయడం అలాంటిదే. ‘తలుపు తెరుచుకోగానే బాణం వదులుతా’ అని కాచుకు కూర్చోనూ వచ్చు. అందుకు మీ వంతులో యాక్షన్ ఖర్చవుతుంది, తలుపు తెరుచుకున్నప్పుడు రియాక్షన్ కూడా ఖర్చవుతుంది. తలుపు తెరుచుకోకపోతే ఆ వంతు గాలికి పోయినట్టే.

ఇంత వివరంగా రాసినా గొడవలు ఆగలేదు. అన్నిటికన్నా పాతది, ఏ బల్ల దగ్గరైనా వినిపించేది ఒకటుంది. డంజన్ మాస్టర్ ఇంకా మాట్లాడుతుండగానే ‘బాణం వేసేశా’ అని ఒకడు అరుస్తాడు. అరిచాడు కాబట్టి ముందు దెబ్బ తనదే అంటాడు. పుస్తకం ప్రకారమైతే అరుపుకు విలువ లేదు, పాచికకే విలువ. శత్రువు ఏమరుపాటుగా ఉంటే? 2014 నాటి అయిదో కూర్పులో అలాంటివాడు మొదటి వంతులో కదలనూ లేడు, చేయి ఎత్తనూ లేడు. 2024లో సవరించిన పుస్తకంలో శిక్ష తగ్గింది. ఇనిషియేటివ్‌కు రెండు పాచికలు వేసి తక్కువది తీసుకుంటాడు, అంతే. మాటువేసి కొట్టడం మీదే ఆశ పెట్టుకున్నవాడికి ఇది చిన్న తేడా కాదు. ఒకే బల్ల దగ్గర పాత పుస్తకం చదివినవాడు, కొత్త పుస్తకం చదివినవాడు ఎదురెదురుగా కూర్చుంటే అది ఆస్టినాబాద్ వరండాయే. ఊళ్లకు బదులు కూర్పులు, అమ్మమ్మలకు బదులు పుస్తకాలు.

రౌండు ఎంతసేపన్నది కూడా మారుతూ వచ్చింది. 1970ల చివరి ‘అడ్వాన్స్‌డ్’ కూర్పులో పోరు రౌండంటే ఒక నిమిషం. 2000లో వచ్చిన మూడో కూర్పు నుంచి ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లలోనే అందరి వంతులూ అయిపోవాలి. ఇక్కడే తెలివైనవాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. కొన్ని వందల మంది పల్లెజనాన్ని వరసగా నిలబెట్టి, ‘పక్కవాడు అందించగానే ఈ బల్లేన్ని అవతలివాడికి అందిస్తా’ అని ఒక్కొక్కడి చేత కాచుకునే యాక్షన్ చేయిస్తే? రూలు మాటకు మాట చదివితే బల్లెం ఆరు సెకన్లలో ఆ వరస చివరికి చేరాలి. వరస పొడుగు చేసేకొద్దీ దాని వేగం తుపాకీ గుండును మించుతుంది. ఆటగాళ్లు ఏళ్ల తరబడి నవ్వుకున్న ఈ వాదానికి 2024 నాటి డంజన్ మాస్టర్ గైడ్ నేరుగా సమాధానం చెప్పింది. రూళ్లు ఆట కోసం రాసినవే తప్ప భౌతిక శాస్త్ర సూత్రాలు కావని, వాటిని మంచి మనసుతో చదవాలన్నది దాని సారాంశం.

మంచి మనసుతో చదవడమంటే ఏమిటి? పొడుగాటి సిద్ధాంతం అక్కర్లేదు. ముందు వంతు ఎందుకు పుట్టిందో గమనిస్తే చాలు. నిజమైన పోరులో వంతులుండవు. కత్తి ఉన్నవాడు, బలం ఉన్నవాడు, ముందు లేచినవాడు కొడుతూనే ఉంటాడు. ఎదుటివాడు లేచేదాకా ఆగడు. పులి దూకాక మేకకు కూడా ఒక ఎత్తు దొరకడం అడవిలో జరగదు, పటం మీదే జరుగుతుంది. అంటే వంతు అనేది బలహీనుడికి ఆట ఇచ్చిన హామీ. ‘నీకూ సమయం ఇస్తాం, అప్పటిదాకా ఎవరూ నీ మాటకు అడ్డురారు’ అన్న హామీ. వంతు రూలుకు చెప్పే ఏ అర్థమైనా ఈ హామీని నిలబెడితే సరైనది. దొడ్డిదారిన ఎదుటివాడి సమయాన్ని మింగేస్తే, పుస్తకంలో అక్షరం అక్షరం సరిపోయినా తప్పుడుదే.

తెలుగువాళ్లకు ఇదేమీ కొత్త పాఠం కాదు. కురుక్షేత్రం మొదలయ్యే ముందు రెండు పక్షాలూ కూర్చుని రూళ్లు రాసుకున్న సంగతి భీష్మపర్వంలో ఉంది. రథికుడు రథికుడితో, ఏనుగు మీదివాడు ఏనుగు మీదివాడితో పోరాడాలి. ఒకరితో పోరులో ఉన్నవాడిని మరొకరు కొట్టకూడదు. ఆయుధం పోయినవాడిని, వెన్ను చూపినవాడిని చంపకూడదు. చక్కటి రూళ్లే. కానీ యుద్ధం ముదిరేకొద్దీ అన్నీ వంతు దగ్గరే తెగాయి.

పదమూడో రోజు అభిమన్యుడిని ఆరుగురు మహారథులు ఒక్కసారిగా చుట్టుముట్టారు. విల్లు విరిగి, రథం పోయి, చివరికి రథచక్రమే ఆయుధంగా ఎత్తినా వాళ్లు ఆగలేదు. ఆటభాషలో చెప్పాలంటే ఆ కుర్రాడికి వంతు రానివ్వలేదు. పద్నాలుగో రోజు సైంధవుడి విషయంలో మరో ప్రశ్న వచ్చింది. పొద్దు గుంకేలోగా చంపుతానని అర్జునుడి ప్రతిన. సూర్యుడు మరుగుపడ్డాడు, గండం గడిచిందనుకుని సైంధవుడు ఆదమరిచాడు, వెంటనే వెలుగొచ్చింది, తల తెగింది. వంతు ముగిసినట్టా, ముగిసినట్టు కనిపించినట్టా? ఆ రాత్రి దివిటీల వెలుగులో యుద్ధం సాగడంతో పొద్దు గుంకితే పోరు ఆపాలన్న కట్టుబాటూ పోయింది.

పదిహేడో రోజు వచ్చింది అన్నిటికన్నా గట్టి చిక్కు. కర్ణుడి రథచక్రం నేలలో కుంగింది. దాన్ని ఎత్తేదాకా ఆగమని ధర్మం పేరు చెప్పి అడిగాడు. చక్రం ఎత్తడం పోరులో భాగమా, పోరుకు విరామమా? ఒడంబడిక మాటకు మాట చదివితే కర్ణుడి అభ్యర్థన చెల్లుతుంది. కృష్ణుడు ఆ మాటల జోలికే పోలేదు. ద్రౌపదిని సభకు ఈడ్చినప్పుడు, అభిమన్యుడిని చుట్టుముట్టి చంపినప్పుడు ఈ ధర్మం ఎక్కడికి పోయిందని అడిగాడు. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ చూసి కర్ణుడి పక్షం వహించినవాళ్లు కూడా ఈ ప్రశ్నను తేలిగ్గా దాటలేరు. ఇంకొకడి వంతు దోచుకున్నవాడు తన వంతు కోసం రూలు చూపిస్తే అది ఎవరి చెవికీ ఎక్కదు. అలాగని కృష్ణుడి జవాబుతో రూలు బతికిందా? బతకలేదు. పద్దెనిమిదో రోజు గదాయుద్ధంలో భీముడి దెబ్బ దుర్యోధనుడి తొడల మీద పడింది. ఇద్దరికీ గద నేర్పిన గురువు బలరాముడు అక్కడే ఉన్నాడు. నాభి కింద కొట్టడం తప్పని నాగలి ఎత్తాడు కూడా. తీర్పరికి కావాల్సిన విద్య, తటస్థత రెండూ ఉన్న మనిషి అక్కడ ఆయనొక్కడే. కానీ ఆయన తీర్పును పాటిస్తామని ఎవరూ ముందుగా ఒప్పుకోలేదు. రూళ్లు రాసుకున్న పెద్దలు తీర్పరిని మాత్రం పెట్టుకోలేదు.

తీర్పరి ఉన్నా చిక్కులు తప్పవని 2023 నవంబర్ 6న ఢిల్లీలో తేలింది. ప్రపంచకప్ మ్యాచ్‌లో శ్రీలంక బ్యాట్స్‌మన్ ఏంజెలో మాథ్యూస్ క్రీజులోకి వచ్చాక హెల్మెట్ పట్టీ తెగింది. కొత్త హెల్మెట్ కోసం ఆగాడు. బ్యాట్స్‌మన్ రెండు నిమిషాల్లోగా బంతి ఎదుర్కోవడానికి సిద్ధం కావాలన్నది ఆ టోర్నీ రూలు. బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ అల్ హసన్ అప్పీల్ చేశాడు. అంతర్జాతీయ క్రికెట్‌లో ‘టైమ్డ్ అవుట్’ అయిన తొలి ఆటగాడిగా మాథ్యూస్ వెనుదిరిగాడు. పట్టీ తెగక ముందే గడువు దాటిందని నాలుగో అంపైర్ చెప్పాడు, దాటలేదని మాథ్యూస్ వీడియో చూపించాడు. కుంగిన చక్రమైనా తెగిన పట్టీ అయినా ప్రశ్న ఒకటే. సామాను మొరాయించినప్పుడు గడియారం ఆగాలా? రూలుకు ఆ సంగతి ముందే తట్టి ఉంటే అంత గొడవ జరిగేది కాదు.

రూలు రాసేవాడికి అన్నీ ముందే తట్టవు. ఈ మాట ప్రష్యా సైన్యానికి బాగా తెలుసు. 1824లో రైస్‌విట్జ్ అనే యువ అధికారి సైనికాధికారుల శిక్షణ కోసం పటం మీద ఆడే ‘క్రీగ్‌ష్పీల్’ను తీసుకొచ్చాడు. వంతుకు రెండు నిమిషాల యుద్ధం, పాచికలు, నష్టాల పట్టికలు, మధ్యలో అంపైర్. పట్టికలు తిరగేయడంతోనే సమయం గడిచిపోతోందని విసుగెత్తి 1876లో వెర్డీ డ్యూ వెర్న్వా పట్టికలన్నీ పక్కన పెట్టించాడు. అనుభవం ఉన్న అంపైర్ మాటే రూలన్నాడు. అది అక్కడ నడిచింది, ఎందుకంటే అంపైర్ పెద్ద హోదా అధికారి, పైగా ఆయనకు ఏ పక్షమూ లేదు. డంజన్ మాస్టర్ పరిస్థితి అంత సుఖం కాదు. రాక్షసులు ఆయనవే, తీర్పూ ఆయనదే. పులులు ఆడించేవాడే పులి రెండుసార్లు దూకొచ్చో లేదో చెప్పాలన్నమాట. ఇక ఆస్టినాబాద్ వరండాలో పెద్ద హోదా అధికారీ లేడు, డంజన్ మాస్టరూ లేడు.

మరి ఆ నలుగురు పిల్లలూ ఏం చేయాలి? ఇన్ని యుద్ధాలు, ఇన్ని పుస్తకాలు కలిపి నేర్పింది మూడే సంగతులు. ఒకటి, తేల్చుకోవాల్సింది తొలి గవ్వ వేయక ముందే. చంపితే పందెం ఉందా, మూడు అష్టలు చెల్లుతాయా, చంపకుండా లోపలి గళ్లలోకి పోవచ్చా అన్నవి అప్పుడే ఒప్పుకోవాలి. ఎవరికి ఏది పడుతుందో తెలియనప్పుడు మనిషి సహజంగానే న్యాయంగా ఆలోచిస్తాడు. గవ్వలు పడ్డాక ఆలోచించేది న్యాయం కాదు, లాభం.

రెండు, ముందు తట్టని చిక్కు ఆట మధ్యలో వస్తే చేతులు మారిస్తే సరి. అబ్బాయి అనే ‘ఒక దెబ్బకు రెండు పందేలు’ అమ్మాయికి పడినప్పుడూ చెల్లుతాయా? అవునంటే అది రూలే. నీళ్లు నమిలితే అది రూలు కాదు, కోరిక. అన్ని సందేహాలూ దీంతో తీరవు కానీ, అసలు వాదన ఏదో, వేషం ఏదో మాత్రం బయటపడుతుంది.

మూడు, అప్పుడు చెప్పిన తీర్పు ఆ ఆట ముగిసేదాకా నిలవాలి, అది తప్పని తర్వాత తేలినా సరే. రూలు మీద చర్చ కాయలన్నీ పండాక, గవ్వలు మూట కట్టాక చేసుకోవచ్చు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ బల్లల దగ్గర అనుభవజ్ఞులు పాటించే పద్ధతి కూడా ఇదే. వెంటనే ఒక మాట చెప్పి ఆట నడిపిస్తారు, పుస్తకం తర్వాత తెరుస్తారు. మధ్యలో గంటసేపు పుస్తకం తిరగేస్తే ఒకడు వాదనలో గెలుస్తాడు, మిగతావాళ్ల వంతులన్నీ ఓడిపోతాయి.

పిల్లలు ఈ పని మనకన్నా తేలిగ్గా చేసేస్తారు. ‘ఈ ఆట మీ ఊరి రూలు, వచ్చే ఆట మా ఊరి రూలు’ అంటే చాలు, రూళ్లకు కూడా వంతు వేసినట్టే. బెంగాలీ పిల్ల అష్టా చమ్మా నేర్చుకుంటుంది, శ్రీకాకుళం అబ్బాయి తాయం పడేదాకా ఓపిగ్గా కూర్చోవడం నేర్చుకుంటాడు. పెద్దవాళ్లకు మాత్రం మొదట ఒక మాట ఒప్పుకోవడం కష్టంగా ఉంటుంది. తన వంతు కోసం పోట్లాడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఎదుటివాడి వంతు పోకుండా కాపాడేవాడు ఒక్కడున్నా ఆట చివరిదాకా సాగుతుంది.